వేసవి పరిశోధనకు పిల్లల్ని విదేశాలకు పంపేముందు

(సంఘం వార్షిక సమావేశంలో విద్యా ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో విద్యా ఉపసంఘం నివేదిక చదవటం ఆనవాయితీ. ఎంతమందికి ఫీజులు కట్టాం, ఎంతమందికి పుస్తకాలు కొనిచ్చాం అనే లెక్కలు ఈ సంచికలోనే మరో పేజీలో అచ్చయ్యాయి. వాటిని మళ్ళీ చదివి మీ ఓపికను పరీక్షించను. ఈసారి ఒక్క సంగతి మీదే మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. దానికి కారణం ఉంది. ఈ సంవత్సరం మా ముందుకు రెండు దరఖాస్తులు వచ్చాయి. రెండూ డిగ్రీ చదువుతున్న పిల్లలవే. రెండూ వేసవి సెలవుల్లో విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయటానికి వెళ్తామని, కర్జె హసనా కింద వడ్డీ లేని అప్పు ఇప్పించమని అడిగినవే. మన నిధిలో ఉన్న సొమ్ము ఎంతో మీకు తెలుసు. ఇద్దరికీ ఇస్తే జూన్‌లో స్కూలు ఫీజులకు కష్టమవుతుంది. అసలు ఇటువంటి కార్యక్రమం మంచిదో కాదో, డబ్బు పెట్టదగినదో కాదో ఎలా తేల్చాలి? కాలేజీలో ముప్పయ్యేళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కదా, నాకు తెలియాలి. కాని నాకు తెలియకే ఒకసారి పొరపాటు చేశాను. ముందు అది చెప్తాను.

2016లో మన ఫిల్మ్ నగర్ బస్తీలో సినిమా సెట్టు పని చేసే ఒక వడ్రంగి మేస్త్రీ గారి అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. తెలివైన కుర్రాడు. ఒకరోజు ఒక ఉత్తరం పట్టుకొచ్చాడు. దళసరి కాగితం, పైన బంగారు రంగు ముద్ర, ప్రసిద్ధమైన ఒక విదేశీ నగరం పేరు. "అంతర్జాతీయ పరిశోధన కార్యక్రమానికి మీరు ఎంపికయ్యారు" అని ఉంది. నాలుగు వారాలు. టిక్కెట్టుతో కలిపి మూడు లక్షల డెబ్బై వేలు కట్టాలి. ఊళ్ళోని ఒక ఏజెంటు ఆఫీసు వారు ఇదంతా చూస్తారట. నేను ఆ కాగితం చూసి మురిసిపోయాను. సిఫారసు రాశాను. మన సంఘం లక్ష ఇచ్చింది, మిగిలింది వాళ్ళ అమ్మగారి గాజులు, గొలుసు ఇచ్చాయి.

అబ్బాయి వెళ్ళాడు, క్షేమంగా తిరిగొచ్చాడు. ఫోటోలు చూపించాడు, సర్టిఫికెట్టు చూపించాడు. ఒక ఆదివారం మా ఇంటి వరండాలో కూర్చోబెట్టి, "బేటా, నువ్వు తేల్చిన ప్రశ్న ఏమిటి?" అని అడిగాను. కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సార్, క్వశ్చన్ వాళ్ళే ఇచ్చారు. ఆన్సర్ కూడా వాళ్ళ దగ్గరే ఉంది. మేం నలభై మందిమి అదే చేశాం."

ఆ మాటతో నాకు నోట మాట లేదు. తప్పు అబ్బాయిది కాదు. వాళ్ళ నాన్నగారిది అంతకన్నా కాదు. మేస్త్రీ గారు ఆ లక్షా ఇరవై ఆరు నెలల్లో, ఒక్క వాయిదా తప్పకుండా తీర్చారు. గాజులు మాత్రం మళ్ళీ రాలేదు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. "చెప్పండి సార్, పేరు మాత్రం చెప్పకండి, పదిమందికీ పనికొస్తుంది" అన్నారు కాబట్టే చెప్తున్నాను.

తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ సంగతి నాకంటే మన పేట వారికే బాగా తెలుసు. షూటింగ్ జరుగుతుంటే తాడు అవతల నిలబడి చూసేవాళ్ళుంటారు. వాళ్ళూ లొకేషన్‌లో ఉన్నట్టే. హీరోతో ఫోటో కూడా దిగుతారు. తాడు ఇవతల లైటు మోసే కుర్రాడుంటాడు, కాస్ట్యూమ్స్ ఇస్త్రీ చేసే మనిషి ఉంటాడు. ఎవరు యూనిట్ మనిషి, ఎవరు కాదు అని కృష్ణానగర్‌లో ఎవరినడిగినా చెప్తారు. సాయంత్రం బేటా ఎవరికి ఇస్తారో వాడే యూనిట్ మనిషి. పరిశోధనలోనూ దాదాపు ఇదే లెక్క. ప్రయోగశాలకు నీ పని అవసరమైతే వాళ్ళు నీకు ఇస్తారు. నువ్వే వాళ్ళకు ఇస్తున్నావంటే నువ్వు టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడివి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఫీజు తీసుకున్న ప్రతిదీ మోసం అనటం లేదు. పేరున్న విశ్వవిద్యాలయాలు కూడా వేసవిలో పాఠాలు చెప్పి ఫీజు తీసుకుంటాయి. దాన్ని సమ్మర్ స్కూల్ అంటారు, అది చదువు. చదువుకు ఫీజు కట్టటం తప్పు కాదు, స్తోమత ఉన్నవారు కట్టుకోవచ్చు. దాన్ని పరిశోధన అని పేరు మార్చి అమ్మితేనే పేచీ.

అసలు డిగ్రీ పిల్లల చేత పరిశోధన చేయించే పద్ధతి ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికాలో ఎంఐటీ అనే సంస్థ 1969లో దీన్ని ఒక పథకంగా పెట్టింది. కాలిఫోర్నియాలో కాల్టెక్ 1979లో వేసవి పరిశోధన ఫెలోషిప్పు మొదలుపెట్టింది. అందులో విద్యార్థి ముందుగా గురువుతో మాట్లాడి, ఏం చేయదలచుకున్నాడో తానే రాసి ఇవ్వాలి. పది వారాలు పనిచేశాక నివేదిక రాయాలి, నలుగురి ముందూ నిలబడి చెప్పాలి. దానికి స్టైపెండు కూడా ఇస్తారు. అమెరికా ప్రభుత్వపు జాతీయ విజ్ఞానశాస్త్ర ఫౌండేషన్ 1987లో దేశమంతటికీ ఇటువంటి పథకం పెట్టింది. అయితే ఆ సొమ్ము ఆ దేశపు పౌరులకూ, శాశ్వత నివాసులకూ మాత్రమే. మన పిల్లలు ఆ పథకం పేరు చూసి ఆశపడి దరఖాస్తు నింపుతూ కూర్చుంటారు, అందుకని చెప్పాను.

మన పిల్లల కోసం పెట్టినవి వేరే ఉన్నాయి. జర్మనీ వారి డాడ్ సంస్థ వైజ్ అనే పథకం నడిపింది. అది జాబితాలో ఉన్న సంస్థల విద్యార్థులకే. కెనడా వారి మైటాక్స్ గ్లోబలింక్ 2009లో మన ఐఐటీ పిల్లలతోనే మొదలై, తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది. పన్నెండు వారాలు అక్కడి ఆచార్యుని దగ్గర పని. ఖొరానా పేరు మీద 2007లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఒక పథకం మొదలుపెట్టింది. హరగోవింద్ ఖొరానా గారు పంజాబులో చిన్న పల్లెటూరి పట్వారీ కొడుకు. 1945లో భారత ప్రభుత్వం ఇచ్చిన ఫెలోషిప్పుతో లివర్‌పూల్ వెళ్ళకపోతే 1968 నోబెల్ బహుమతి దాకా దారి ఉండేదో కాదో. ఇవి ఏ ఏడాది ఉంటాయో, ఏ ఏడాది ఆపుతారో, నిబంధనలు ఎలా మారుస్తారో ఆయా సంవత్సరం స్వయంగా చూసుకోవలసిందే. ఏజెంటు చెప్పిన మాట మీద వెళ్ళకూడదు.

మన హైదరాబాదుకు ఇది కొత్త సంగతీ కాదు. నిజాం ప్రభుత్వపు స్కాలర్‌షిప్పు మీద సరోజినీ నాయుడు 1895లో పదహారేళ్ళ పిల్లగా ఇంగ్లండు వెళ్ళారు. 1918లో స్థాపించిన ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న రజియుద్దీన్ సిద్దీఖీ గారు కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి జర్మనీలో లైప్‌జిగ్‌కు వెళ్ళి హైజెన్‌బర్గ్ అంతటి వాని దగ్గర డాక్టరేటు చేశారు. వాళ్ళు వెళ్ళింది ఉత్తరం మీద ముద్ర చూసి కాదు.

సరే, స్టైపెండు ఇచ్చే పథకమే అనుకుందాం. అంత మాత్రాన అది మంచిదేనా? ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. వెళ్ళొచ్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ "చాలా బాగుంది సార్" అంటారు. కొత్త దేశం చూసినవాడు బాగా లేదని ఎందుకంటాడు? అమెరికాలో డేవిడ్ లొపాటో అనే ఆచార్యుడు 2004లో ఒక సర్వే ప్రకటించారు. 41 సంస్థల నుంచి వేసవి పరిశోధన చేసిన 1,135 మంది విద్యార్థులను అడిగారు. ఇరవై రకాల ప్రయోజనాలు చెప్పి, ఏది ఎంత కలిగిందో గుర్తు పెట్టమన్నారు. నూటికి 83 మందికి పైగా పై చదువులో సైన్సు చదవాలని కొత్తగా అనుకున్నారు, లేదా ముందు నుంచీ ఉన్న అభిప్రాయాన్నే కొనసాగించారు. గొప్ప ఫలితమే. కాని ఆ "లేదా" దగ్గర కాస్త ఆగండి. ముందు నుంచీ చదవాలనుకున్నవాడే కదా ఇటువంటి దానికి దరఖాస్తు పెట్టేది! ఈత వచ్చినవాణ్ణి చెరువులో దించి, చూశారా మా చెరువు ఈత నేర్పింది అంటే ఒప్పుకుంటామా? అదీగాక అది విద్యార్థులే తమ గురించి తాము చెప్పుకున్నది. అబద్ధమని కాదు, కాని తల్లిదండ్రులు దాన్ని తూచి తీసుకోవాలి.

అదే సర్వేలో నాకు ఎక్కువ నచ్చింది ఇంకొకటి ఉంది. 51 మంది పరిశోధన వైపు వెళ్ళాలనే ఆలోచన మానుకున్నారు. వాళ్ళు తమకు కలిగిన లాభం కూడా తక్కువే అని రాశారు. ఆ 51 మంది గురించి నాకు ఒక అభిప్రాయం ఉంది. అది మన పేట అమ్మాయి కథతో చెప్పాలి.

2018లో సినిమాలకు కాస్ట్యూమ్స్ కుట్టే ఒక టైలర్ గారి అమ్మాయి, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చదువుతున్నది, ఉత్తర జర్మనీలో ఒక ప్రయోగశాలకు ఎంపికైంది. ఏజెంటూ లేడు, బంగారు ముద్రా లేదు. ఒక ఆచార్యుడు రాసిన ఈమెయిల్, నాలుగు వాక్యాలు. ఫలానా ప్రొటీన్ మీద పని, ఫలానా పరిశోధక విద్యార్థి నీకు రోజూ పని చూపిస్తాడు, వచ్చే ముందు ఈ రెండు వ్యాసాలు చదువు, గది సంగతి ఫలానా ఆఫీసుకు రాయి. అంతే. ఈసారి నేను ఆ నాలుగు వాక్యాలే పదిసార్లు చదివాను. ప్రశ్న ఉంది. మనిషి పేరు ఉంది. రోజూ పక్కన నిలబడేవాడు ఎవరో ఉంది. ముందే చదవమన్నారంటే ఆ పిల్ల వచ్చి పనిచేస్తుందని ఎదురుచూస్తున్నారన్న మాట.

స్టైపెండు ఉంది కదా, మరి మన సంఘం ఎందుకు? ఇది చాలామందికి తెలియని సంగతి. స్టైపెండు చేతికొచ్చేది అక్కడికి వెళ్ళి బ్యాంకు ఖాతా తెరిచాక. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్సు, విమానం టిక్కెట్టు, గదికి అడ్వాన్సు, మొదటి నెల తిండి, ఇవన్నీ దానికి ముందే. అమెరికా అయితే వీసా ఇంటర్వ్యూకు 2009 వరకూ మద్రాసు వెళ్ళవలసి వచ్చేది. తర్వాత బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేటు వచ్చింది, 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. ఆ ఖర్చయినా తప్పింది. అయినా మధ్యలో ఒక గుంత మిగిలే ఉంటుంది. డబ్బున్న ఇంట్లో అది గుంతే కాదు. టైలర్ గారింట్లో ఆ గుంత దగ్గరే పిల్ల ఆగిపోతుంది. 2015లో మన రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు పెట్టిన ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు పీజీ, పీహెచ్‌డీ చదువులకు. ఈ వేసవి పనికి అది వర్తించదు. మన సంఘం ఎనభై వేలు సర్దింది. అమ్మాయి తిరిగొచ్చిన నెలలోనే, తన స్టైపెండులో మిగిల్చిన దాన్ని కలిపి, సగం తీర్చేసింది.

ఆడపిల్లను ఒంటరిగా పంపటం గురించి ఆనాడు సంఘంలో జరిగిన చర్చ మీలో కొందరికి జ్ఞాపకం ఉంటుంది, అదంతా తవ్వను. వాళ్ళ అమ్మగారికి ఒక్కటే దిగులు. ఆ ఏడాది రంజాను మే మధ్యలో మొదలైంది. అక్కడ పొద్దుగూకేది రాత్రి తొమ్మిదిన్నర, పది కావస్తుండగా. తెల్లవారకముందు మూడింటి లోపలే సహరీ. పిల్ల ఎలా ఉంటుందోనని ఆమె ఇక్కడ నిద్రపోలేదు. అమ్మాయి సంగతి తన గురువుకు చెబితే, ఆయన సెంట్రిఫ్యూజ్ పని మధ్యాహ్నం నుంచి పొద్దుటికి మార్చాడట. అన్నం, పప్పు తనే వండుకుంది. బిర్యానీ మాత్రం కుదరలేదని ఇప్పటికీ చెప్తుంది.

ఇక పరిశోధన. ఎనిమిది వారాల పాటు ఆ ప్రొటీన్ శుద్ధి కాలేదు. రోజూ అదే పని, రోజూ అదే వైఫల్యం. తొమ్మిదో వారంలో ఎందుకు కావటం లేదో కనిపెట్టింది. ద్రావణంలో ఉప్పు పాళ్ళు, ఆమ్లత ఆ ప్రొటీన్‌కు సరిపడటం లేదు. చివరికి చూపించటానికి ఒక్క గ్రాఫ్ మిగిలింది. ఆ నోట్‌బుక్ నకలు నాకు చూపించింది. తేదీలు, కొట్టివేతలు, "ఇవాళ కూడా రాలేదు" అని తెలుగులో ఒక మూల రాసుకున్న మాటలు. ముప్పయ్యేళ్ళలో నా విద్యార్థుల రికార్డు పుస్తకాలు వేలు దిద్దాను. అన్నిటిలోనూ ప్రయోగం మొదటిసారే కుదిరి ఉంటుంది! అటువంటి నోట్‌బుక్ నా చేతికి రావటం అదే మొదటిసారి.

తిరిగొచ్చి ఏమన్నదో తెలుసా? "సార్, నాకు ఈ తడి ల్యాబు పని వద్దు. అక్కడ లెక్కలు, కంప్యూటరు వైపు పని చూశాను. నాకది కావాలి" అన్నది. సంఘంలో ఒక పెద్దాయన, పేరెందుకు, "ఎనభై వేలు పోసి పంపితే ఇష్టం లేదని తెలుసుకొచ్చిందా" అన్నారు. అవును, తెలుసుకొచ్చింది. పది వారాల్లో తెలిసింది. పీహెచ్‌డీలో చేరాక తెలిసి ఉంటే అయిదేళ్ళు పోయేవి. ఇవాళ ఆమె జీవశాస్త్రపు లెక్కల మీదే పరిశోధన చేస్తున్నది. ఆ సర్వేలో మానుకున్న 51 మందిలో కూడా ఇటువంటివారు ఉండి ఉంటారని నా ఊహ. ఆ వేసవి వాళ్ళకు వృథా అయిందని నేను అనుకోను.

ఆ ఆచార్యుడు తర్వాత ఆమెకు రాసిన సిఫారసు ఉత్తరం ఒకటిన్నర పేజీ. ఉప్పు పాళ్ళ సంగతి, ఆమె అడిగిన ప్రశ్నలు, ఒకరోజు తనతో వాదించిన సంగతి కూడా అందులో ఉన్నాయి. 2016 అబ్బాయి సర్టిఫికెట్టులో అతని పేరు తీసేసి నా పేరు పెడితే ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు దొరకలేదు. పిల్లవాడి పేరు తీసేసినా ఆ కాగితం ఆ పిల్లవాడిదే అని తెలియాలి.

జాబితాల సంగతి ఒకటి చెప్పి తీరాలి. స్టైపెండు ఇచ్చే మంచి పథకాలు చాలావరకు పెద్ద సంస్థల పిల్లలకే తలుపు తీస్తాయి. మన పిల్లల్లో ఎక్కువమంది మామూలు డిగ్రీ కాలేజీల్లో, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉన్నారు. తలుపు తెరుచుకోని చోటే ఏజెంటు కిటికీ చూపిస్తాడు. వాళ్ళకు నేను చెప్పేదేమంటే, ముందు ఇక్కడ చూడండి. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడుపుతున్న వేసవి ఫెలోషిప్పు ఉంది, రెండు నెలలు, స్టైపెండు ఇస్తారు. అన్ని కాలేజీల పిల్లలూ పెట్టుకోవచ్చు. మన ఊళ్ళోనే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది, తార్నాకలో 1944లో మొదలైన ఐఐసీటీ ఉంది, ఎన్‌జీఆర్‌ఐ ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఫిల్మ్ నగర్ నుంచి సిటీ బస్సులో వెళ్ళే దూరం. అక్కడ రెండు నెలలు పనిచేసి, ఒక శాస్త్రవేత్త చేత పేరు పెట్టి పిలిపించుకున్న పిల్లవాడు మరుసటి ఏడాది విదేశానికి ఉత్తరం రాస్తే ఆ ఉత్తరానికి బరువుంటుంది. విదేశం పేరుంటే సంబంధాలు బాగా వస్తాయి సార్ అని ఒక తండ్రి నాతో అన్నారు. రావచ్చు. దానికి మన నిధి ఖర్చు పెట్టలేం.

ఇక ఆ రెండు దరఖాస్తులు. ఒకటి ఆరు వారాలు, ఫీజు రెండు లక్షల పదివేలు, గురువు పేరు "వచ్చాక చెప్తాము" అని ఉంది. రెండోది పన్నెండు వారాలు, స్టైపెండు ఉంది, టిక్కెట్టుకూ అడ్వాన్సుకూ లక్షా పదివేలు సర్దమని అడిగారు. మొదటి పిల్లవాడు రెండో అమ్మాయి కంటే మార్కుల్లో ముందున్నాడు. అందుకే కమిటీలో వాదన తెగలేదు. నా అభిప్రాయం నేను చెప్పాను: సంఘం ఇకమీదట ఏ కార్యక్రమానికీ ఫీజు కట్టకూడదు, మధ్యలో పడే గుంత పూడ్చటానికి మాత్రం అప్పివ్వాలి. మొదటి పిల్లవాడికి కాదనటం కాదు. అకాడమీల ఫెలోషిప్పుకు దరఖాస్తు నేనే దగ్గర కూర్చుని నింపిస్తాను, వాళ్ళ అమ్మగారు ఇక్కడే ఉన్నారు, ఆమె ఎదుటే మాట ఇస్తున్నాను. సభ్యులు ఒప్పుకుంటే తీర్మానం రాసుకుంటాం, ఒప్పుకోకపోతే నాకు నచ్చజెప్పండి.

వచ్చే ఆదివారం పొద్దున పదిగంటలకు సంఘం గదిలో కమిటీ కూర్చుంటుంది. పిల్లలిద్దరూ తమకొచ్చిన ఉత్తరాలు అసలువి పట్టుకురావాలి. ఈ వేదిక కట్టిన మేస్త్రీ గారిని కూడా ఆ రోజు కమిటీలో కూర్చోమని అడిగాను. షూటింగు లేకపోతే వస్తానన్నారు.